మీకు తెలుసా? పెన్సిల్ సంతకంతో పోయిన సింహాసనం!

300 ఏళ్లు దాటిన రష్యా రాజవంశం, రొమనోవ్‌లు. దాని ఆఖరి సంతకం పెన్సిల్‌తో! అవును, 1917 మార్చిలో ప్స్కోవ్ స్టేషన్‌లో ఆగి ఉన్న రైలు పెట్టెలో జార్ రెండో నికోలస్ సింహాసనం వదులుకున్నాడు. టైపు చేసిన కాగితం, కింద పెన్సిల్ సంతకం. అంతే!

ఆ కాగితం మీద టైము చూశారా? మధ్యాహ్నం 3:05! అసలు సంతకం పడిందేమో రాత్రి 11:40కి! రాజధాని పెట్రోగ్రాడ్ నుంచి వచ్చిన ఇద్దరు డూమా (పార్లమెంటు) ప్రతినిధులు ఒత్తిడి చేసి రాయించుకున్నారని ఎవరూ అనుకోకూడదని అలా వేశారు!

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఆ మధ్యాహ్నం జార్ ముందుగా రాజ్యం ఇవ్వాలనుకున్నది కొడుకు అలెక్సీకి. వయసు 12 ఏళ్లే! సైన్యాధిపతులు అడిగింది కూడా అదే. పిల్లాడు జార్ అవుతాడు, బాబాయి మిఖాయిల్ రాజ్యం చూసుకుంటాడు. ఇంతలో నికోలస్ డాక్టర్ ఫ్యోదొరోవ్‌ను పక్కకు పిలిచి మాట్లాడాడు. బాబుకు హీమోఫీలియా. దెబ్బ తగిలితే నెత్తురు ఆగదు. అప్పట్లో మందు లేదు. పైగా గద్దె దిగిన తండ్రి దగ్గర బిడ్డను ఉండనివ్వరు. తండ్రి మనసు మారిపోయింది, కొడుకు తరఫున కూడా గద్దె వదిలేశాడు! ఆ మాటలే జరగకపోయి ఉంటే? రష్యాకు ఓ బాల జార్! నా మటుకు నాకు, కథ మొత్తంలో అసలు మలుపు ఇదే. రోగంతో ఉన్న పసివాణ్ని గద్దె దించడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి!

ఇంకో వింత! కొడుకు తరఫున సింహాసనం వదిలేసే హక్కు తండ్రికి లేనే లేదు! 1797లో జార్ పావెల్ చేసిన వారసత్వ చట్టంలో అలాంటి వీలే లేదు మరి!

అలా నికోలస్ తమ్ముడు మిఖాయిల్‌కి రాజ్యం రాసిచ్చేశాడు. తమ్ముడికి ముందుగా ఒక్క మాట కూడా చెప్పలేదు! మర్నాడు పెట్రోగ్రాడ్‌లో, మిలియొన్నయా వీధి 12వ నంబరు ఇంట్లో నాయకులంతా మిఖాయిల్ చుట్టూ చేరారు. వద్దన్నాడు వారిలో ఒకరైన కెరెన్‌స్కీ. ఒప్పుకోండి, దేశం చెదిరిపోతుందని బతిమాలాడు మరో నాయకుడు మిల్యుకోవ్. నా ప్రాణానికి పూచీ ఇస్తారా అని మిఖాయిల్ అడిగితే, డూమా అధ్యక్షుడు రొద్జియాంకో ఇవ్వలేనన్నాడు! అంతే, మిఖాయిల్ కిరీటం వద్దనేశాడు. అయినా 1918లో ఆయన ప్రాణం దక్కలేదు. పెర్మ్ దగ్గర కాల్చి చంపారు.

ఆ 'వద్దు' కాగితం రాసింది ఎక్కడో ఊహించండి! ఆ ఇంటి అమ్మాయి బడి పాఠాలు చదువుకునే బల్ల మీద! చేతిరాత ఎవరిది? 1955లో 'లోలిటా' నవలతో ప్రపంచాన్ని కుదిపేసిన వ్లదీమిర్ నబొకోవ్ తండ్రిది!

రొమనోవ్‌ల మొదటి జార్ పేరు కూడా మిఖాయిలే! 1613లో ఆయన రాజ్యానికి ఒప్పుకున్నది ఇపాత్యెవ్ మఠంలో. చివరి జార్ కుటుంబాన్ని చంపింది ఇపాత్యెవ్ ఇంట్లో! ఒళ్లు జలదరించడం లేదూ?

1917 నుంచి కాస్త వెనక్కి రండి, కిరీటం వద్దన్న రొమనోవ్ ఇంకొకడున్నాడు. 1825లో జార్ అలెగ్జాండర్ పోయాడు. రాజధానిలో చిన్న తమ్ముడు నికోలస్ (పైన చెప్పిన జార్ కాదు, మొదటి నికోలస్), అన్న కాన్‌స్టాంటిన్‌కు విధేయత ప్రమాణం చేశాడు. వార్సాలో ఉన్న కాన్‌స్టాంటిన్ ఏం చేశాడు? ఆ తమ్ముడికే ప్రమాణం చేశాడు! నువ్వంటే నువ్వని! కాన్‌స్టాంటిన్ రాజ్యం వద్దని ఎప్పుడో రహస్యంగా రాసిచ్చేశాడు మరి. ఈ లోపు టంకశాలలో ఆయన బొమ్మతో రూబుల్ నాణేలు కూడా అచ్చయ్యాయి! ఏలని జార్ నాణేలు! ప్రపంచం మొత్తం మీద పదైనా లేవు!

1575లో అయితే జార్ ఇవాన్ ది టెరిబుల్ తన గద్దె మీద సిమెయోన్ అనే తాతారు వంశస్థుణ్ని కూర్చోబెట్టాడు! ఏడాదిలోపే దించేశాడు. ఎందుకో చరిత్రకారులు ఈనాటికీ తేల్చలేదు!

మళ్లీ 1917 నాటి మిఖాయిల్ దగ్గరికి. ఆయన తలుపు పూర్తిగా మూసేయలేదు, తెలుసా! ప్రజలు ఎన్నుకున్న రాజ్యాంగ సభ ఇస్తే కిరీటం తీసుకుంటానన్నాడు. ఆ సభ 1918 జనవరిలో కూర్చుంది. ఎంతసేపు? దాదాపు 13 గంటలు! తెల్లారేసరికి, అప్పటికి అధికారంలో ఉన్న బోల్షెవిక్‌లు మూసేశారు. అది నిలిచి ఉంటే రష్యా కథే వేరు!

మరి ఆ రెండు కాగితాలూ ఏమయ్యాయి? ఏళ్ల తరబడి జాడ లేదు. 1929లో లెనిన్‌గ్రాడ్‌లోని సైన్స్ అకాడమీలో బయటపడ్డాయి! ఇప్పుడు మాస్కోలో, ప్రభుత్వ పత్రాల భాండాగారంలో భద్రంగా ఉన్నాయి.