వీణ నాదం వెనక ఆ బుస ఎక్కడిది?

కెనడాలోని సార్నియాలో జనవరి రాత్రి ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. చలికి కిటికీలన్నీ బిగించి ఉంటాయి, తల మీద ఫ్యాను తిరగదు, ఫర్నేసు కూడా ఆగిందంటే గదిలో చప్పుడు చేసేదేదీ మిగలదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ వినడానికి నాకు ఇంతకంటే మంచి వేళ లేదు. ఆయన తీగ మీటి వదిలితే నాదం సన్నబడుతూ ఎంతో దూరం సాగుతుంది. సరిగ్గా ఆ చివర్లోనే జేబులో పెట్టుకునే మ్యూజిక్ ప్లేయర్ల బలహీనత బయటపడుతుంది. నాదం వెనక సన్నగా, ఎడతెగకుండా ఒక బుస వినిపిస్తుంది. రాజమండ్రిలో మా ఇంట్లో ఇదే ప్లేయర్‌తో, ఇవే ఇయర్‌ఫోన్లతో వింటే అది తెలియదు. అక్కడ ఫ్యాను మోత దాన్ని కప్పేస్తుంది.

ఇక్కడ కెమికల్ వ్యాలీ అని పిలిచే ఫ్యాక్టరీల ప్రాంతంలో నాది ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. సెన్సర్ల నుంచి వచ్చే సిగ్నల్‌ను నాయిస్ నుంచి వేరు చేయడం మాకు రోజూ ఉండేదే. అందుకే ఇక్కడి లాంబ్టన్ కాలేజీలో చదివే మన పిల్లలు కొత్త ఇయర్‌ఫోన్లు కొని, "అన్నా, ఇది పాడైపోయిందా?" అని తెచ్చి చూపిస్తుంటారు. చాలాసార్లు ఏదీ పాడై ఉండదు. ప్లేయర్, ఇయర్‌ఫోన్లు రెండూ మంచి వస్తువులే, వాటికి జత కుదరలేదు.

కరెంటుకు అడ్డుపడే ఏ వస్తువులోనైనా ఎలక్ట్రాన్లు వేడికి అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. ఆ కదలికే నాయిస్. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ దీన్ని కొలిచాడు, హ్యారీ నైక్విస్ట్ లెక్కగట్టి వివరించాడు. ఇద్దరి పత్రాలూ 1928లో అచ్చయ్యాయి. 10 కిలో ఓముల రెసిస్టర్‌ను దేనికీ కలపకుండా బల్ల మీద ఉంచినా, మన చెవికి అందే పౌనఃపున్యాల మేరకు దాని రెండు కొసల మధ్య దాదాపు 2 మైక్రోవోల్టుల నాయిస్ ఉంటుంది. ప్లేయర్‌లో దీనికి ట్రాన్సిస్టర్ల నాయిస్ కూడా తోడై, ఆంప్లిఫయర్ గుండా బుసగా చెవికి చేరుతుంది.

ఇక జత సంగతి. ప్లేయర్ డబ్బా మీద సిగ్నల్‌కూ నాయిస్‌కూ తేడా 106 డెసిబెల్స్ అని వేశారనుకుందాం. చూడ్డానికి గొప్పగానే ఉంటుంది. కానీ అది ప్లేయర్ పూర్తి వాల్యూంలో, 2 వోల్టుల దగ్గర తీసిన లెక్క. ఆ ప్రకారం నాయిస్ 10 మైక్రోవోల్టులు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓముల పెద్ద హెడ్‌ఫోన్లలో అది చెవికి ఆనదు. ఒక్క మిల్లీవాట్‌కే 110 డెసిబెల్స్ పలికే 16 ఓముల ఇయర్‌ఫోన్లలో మాత్రం అదే నాయిస్ 28 డెసిబెల్స్ శబ్దమవుతుంది. రాత్రి పడకగదిలో ఉండే చప్పుడు 30 డెసిబెల్స్ ప్రాంతం. ఇయర్‌ఫోన్ చెవిని మూసి దాన్ని కూడా తగ్గించేస్తుంది. ఇక బుస వినపడక ఎక్కడికి పోతుంది? పైగా ఈ ఇయర్‌ఫోన్లలో 70 డెసిబెల్స్ దగ్గర హాయిగా పాట వినడానికి 1.3 మిల్లీవోల్టులు చాలు. నాయిస్ 10 మైక్రోవోల్టుల దగ్గరే ఉండిపోతుంది కాబట్టి, డబ్బా మీది 106 కాస్తా చెవిలో 42 అవుతుంది.

బుస ప్లేయర్‌దా, రికార్డింగ్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. పాట ఆపకుండా వాల్యూం అన్నిటికంటే కింది మెట్టుకు తెండి. సున్నాకు తేవద్దు, కొన్ని ప్లేయర్లు అక్కడ ఆంప్లిఫయర్‌నే ఆపేస్తాయి. పాట తగ్గినా బుస తగ్గకపోతే అది ప్లేయర్‌ది. వాల్యూంతో పాటు పెరిగి తగ్గితే రికార్డింగ్‌ది. పాత టేపుల నుంచి డిజిటల్‌లోకి ఎక్కించిన కచేరీల్లో అది సహజం. టేపు మీది అయస్కాంత రేణువుల నుంచి పుట్టే ఆ బుసను తగ్గించడానికే రే డాల్బీ 1960ల్లో తన పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌తో దాన్ని మరీ తుడిచేస్తే తీగ చివరి నాదం కూడా కొంత పోతుంది. నేనైతే ఆ బుసను అలాగే ఉంచమంటాను.

ప్లేయర్ బుసకు మందు ఉంది. ప్లేయర్‌లో గెయిన్ (ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను పెంచే మోతాదు) మార్చే వీలుంటే తక్కువకు పెట్టండి. చాలకపోతే ప్లేయర్‌కూ ఇయర్‌ఫోన్లకూ మధ్య అటెన్యుయేటర్ అనే చిన్న పరికరం తగిలించండి. అది పాటనూ బుసనూ కలిపి తగ్గిస్తుంది. తర్వాత వాల్యూం పెంచుకుంటే పాట తిరిగి వస్తుంది, బుస రాదు. ఒక్క రెసిస్టర్‌ను వరసలో పెట్టి సరిపుచ్చే చవక రకం వద్దు. ఒక్కో చెవిలో నాలుగైదు డ్రైవర్లు (శబ్దం పుట్టించే భాగాలు) ఉన్న ఇయర్‌ఫోన్లలో దానివల్ల స్వరం తీరు మారిపోవచ్చు.

బుసను కప్పడానికి పాట వాల్యూం పెంచడం మాత్రం వద్దే వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లు వారానికి వినదగింది 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. పగలంతా ప్లాంటులో చెవులకు మఫ్‌లు పెట్టుకుని కాపాడుకున్న వినికిడిని రాత్రి పాటల పేరుతో పోగొట్టుకోకూడదని మా తోటివాళ్లకు గట్టిగానే చెబుతాను.

కొనేటప్పుడు మీ ఇయర్‌ఫోన్లు వెంట తీసుకెళ్లి, నెమ్మదైన చోట నిలబడి, తక్కువ వాల్యూంలో విని చూడండి. ప్లేయర్ ఎన్ని వోల్టులు ఇస్తుందో తయారీదారులు పెద్ద అక్షరాల్లో వేస్తారు. నాయిస్ ఎన్ని మైక్రోవోల్టులో కూడా పక్కనే వేయాలి. అది 10 నుంచి 2కు దిగితే, పై లెక్కలోని 28 డెసిబెల్స్ 14 అవుతుంది. ఆ అంకె వేయమని కొనేవాళ్లమే అడగాలి.