ఇంటి గిటార్ రికార్డింగుకు సాఫ్ట్‌వేర్ డ్రమ్స్: సహజత్వం, గతి, మాత్రాఛందస్సు

వ్యాససంగ్రహం:

ఇంట్లో గిటార్‌పై పాడి రికార్డు చేసుకొన్న గేయానికి, డ్రమ్స్ వాయించే కళాకారుడు అందుబాటులో లేనప్పుడు, సాఫ్ట్‌వేర్ సాయంతో ఆ వాద్యాన్ని చేర్చడం నేడు సులభసాధ్యం. అయితే అలా చేర్చిన వాద్యం తరచుగా యాంత్రికంగా వినిపిస్తుంది. సహజత్వాన్ని నిర్ణయించేది ధ్వనుల నాణ్యత ఒక్కటే కాదనీ, కాలం, ఘాతం, గతి అనే మూడు అంశాలు అంతకంటే ముఖ్యమనీ ఈ వ్యాసం వివరిస్తుంది. మిశ్రగతిలో నడిచే ముత్యాలసరాన్ని ఉదాహరణగా తీసుకొని, సాఫ్ట్‌వేర్‌లో ముందే సిద్ధంగా ఉండే చతురశ్ర నడక తెలుగు మాత్రాఛందస్సుపై చూపే ప్రభావాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గిటార్, డ్రమ్స్, మిడి, లయ, మిశ్రగతి, ముత్యాలసరం, రగడ.

1. ఉపోద్ఘాతం:

గేయాన్ని గిటార్‌పై స్వరపరచుకొని పాడే విద్యార్థులు, దాన్ని ఇంట్లోనే ఒక మైకు, ఒక కంప్యూటర్‌తో రికార్డు చేసే అధ్యాపకులు ఈనాడు అరుదు కారు. గాత్రం, గిటార్ సొంతంగా సమకూరుతాయి. డ్రమ్స్ మాత్రం అలా కాదు. ఆ వాద్యానికి స్థలం కావాలి, అనేక మైకులు కావాలి, ఇరుగుపొరుగువారి ఓర్పు కావాలి. అందువల్ల సాఫ్ట్‌వేర్ అవసరమవుతుంది. అక్కడ ఒక సిద్ధమైన లయఖండాన్ని ఎంచుకొని పాట పొడవునా అతికించడం పరిపాటి. ఫలితం శుభ్రంగానే ఉంటుంది కాని, పాట నడక మారిపోతుంది. ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో గుర్తించడం ఛందస్సును బోధించేవారికీ, గేయాలపై పరిశోధించేవారికీ అవసరం.

2. సాఫ్ట్‌వేర్ డ్రమ్స్ పనిచేసే తీరు:

రోజర్ లిన్ రూపొందించిన ఎల్‌ఎమ్-1 యంత్రం 1980లో వెలువడింది. నిజమైన డ్రమ్స్ ధ్వనులను డిజిటల్ రూపంలో నిక్షిప్తం చేసి వినిపించిన తొలి డ్రమ్ యంత్రం ఇదే. 1983లో వచ్చిన మిడి ప్రమాణం వేర్వేరు సంస్థల వాద్యయంత్రాలు ఒకే భాషలో మాట్లాడుకొనే వీలు కల్పించింది. నేటి సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఒకవైపు స్టూడియోలో రికార్డు చేసిన దెబ్బల ధ్వనులు, అంటే శాంపిళ్లు ఉంటాయి. మరొకవైపు ఏ దెబ్బ, ఎప్పుడు, ఎంత బలంతో పడాలో చెప్పే మిడి సూచనలు ఉంటాయి.

జనరల్ మిడి పద్ధతిలో 36వ సంఖ్య కిక్ డ్రమ్‌కు, 38 స్నేర్‌కు, 42 మూసిన హై-హాట్‌కు, 46 తెరిచిన హై-హాట్‌కు గుర్తు. దెబ్బ బలాన్ని 1 నుంచి 127 వరకు ఉండే వెలాసిటీ విలువ తెలుపుతుంది. మంచి సాఫ్ట్‌వేర్‌లో ఈ విలువ పెరిగితే శబ్దం పెద్దది కావడమే కాదు, గట్టిగా కొట్టినప్పుడు రికార్డు చేసిన వేరొక శాంపిల్ పలుకుతుంది. ఉచితంగా లభించే హైడ్రోజన్, డ్రమ్‌గిజ్మో వంటి వాటిలోనూ ఈ ఏర్పాటు ఉంది. కనుక సహజత్వానికి ఖరీదైన సాఫ్ట్‌వేరే కావాలన్న అభిప్రాయం సరికాదు. శాంపిళ్లు సాధారణమైనవే అయినా సూచనలు సరిగా ఉంటే వాద్యం నమ్మదగినదిగా ఉంటుంది.

3. గిటార్ ముందు, డ్రమ్స్ తరువాత:

మెట్రోనోమ్ వింటూ గిటార్ వాయించి ఉంటే డ్రమ్స్ చేర్చడంలో చిక్కులేదు. ఇంటి రికార్డింగుల్లో చాలావరకు అలా జరగదు. నిమిషానికి 90 లెక్కల వేగంతో మొదలైన పాట పల్లవి తిరిగి వచ్చేటప్పటికి 93కు చేరుతుంది, భావం బరువెక్కిన చోట 88కి తగ్గుతుంది. అటువంటి పాటపై స్థిరంగా 90లో నడిచే డ్రమ్స్‌ను పెడితే కొద్ది ఆవర్తాలలోనే రెండూ విడిపోతాయి.

దీనికి రెండు మార్గాలున్నాయి. గిటార్‌ను ముక్కలుగా కోసి, సాగదీసి, కుదించి స్థిరవేగానికి తేవడం ఒకటి. అతిగా సాగదీసినప్పుడు తీగ మీటిన తొలి క్షణంలోని స్పష్టత మసకబారుతుంది. ప్రతి ఆవర్తంలోని మొదటి లెక్క ఎక్కడ పడిందో విని గుర్తుపెట్టి, ఆ గుర్తుల ఆధారంగా సాఫ్ట్‌వేర్‌లోని కాలసూచికనే మార్చడం రెండవది. రీపర్, ఆర్డోర్ వంటి రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లలో ఇది సాధ్యమే. ఈ పద్ధతిలో డ్రమ్స్ గిటార్‌ను అనుసరిస్తాయి. పక్కవాద్య కళాకారుడు గాయకుణ్ణి అనుసరించే మన సంప్రదాయానికి ఇదే దగ్గరగా ఉంది. గాత్రం, గిటార్ ముందే పూర్తయిన రికార్డింగుకు ఇదే అనువైనది.

4. ఘాతం: రెండు చేతులు, రెండు కాళ్లు:

డ్రమ్స్ వాయించే మనిషికి రెండు చేతులు, రెండు కాళ్లు మాత్రమే ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కు ఈ పరిమితి లేదు. హై-హాట్, స్నేర్, క్రాష్ మూడూ ఒకే క్షణంలో మోగినప్పుడు మూడో చెయ్యి పుట్టినట్లవుతుంది. కారణం తెలియని శ్రోతకు కూడా అక్కడ ఏదో కృత్రిమంగా తోస్తుంది. కనుక క్రాష్ పడిన చోట హై-హాట్‌ను తీసివేయాలి. టామ్‌లపై రెండు చేతులతో పూరణ వాయించేటప్పుడు హై-హాట్ ఆగాలి, లేదా పాదంతో నొక్కిన ధ్వనిగా మారాలి.

దెబ్బలన్నీ ఒకే బలంతో ఉండకూడదు. ప్రధానమైన స్నేర్ దెబ్బలకు 100 నుంచి 115 వరకు, వాటి మధ్య వచ్చే లోదెబ్బలకు 25 నుంచి 45 వరకు విలువలివ్వడం మంచి ఆరంభం. హై-హాట్‌లో ఊనిక ఉన్న చోట 85, లేని చోట 60 ఇచ్చినా నడకలో జీవం వస్తుంది. ఒకే శాంపిల్ వెంటవెంటనే పలికితే మరతుపాకి మోతలా ఉంటుంది. అందుకే మంచి సాఫ్ట్‌వేర్ ఒకే బలానికి అనేక శాంపిళ్లను ఉంచుకొని, వాటిని మార్చి మార్చి పలికిస్తుంది.

5. కాలం: యాదృచ్ఛికత మానుషత్వం కాదు:

అనేక సాఫ్ట్‌వేర్‌లలో దెబ్బలను కొద్దిగా ముందుకు, వెనక్కు జరిపి మనిషి వాయించినట్లు చేసే సౌకర్యం ఉంటుంది. సాధారణంగా అది ప్రతి దెబ్బనూ యాదృచ్ఛికంగా కదిలిస్తుంది. హోల్గర్ హెన్నిగ్, ఆయన సహపరిశోధకులు 2011లో ప్లాస్ వన్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ఇక్కడ గమనించదగినది. మనిషి వాయించే లయలోని హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావని, వాటి మధ్య దీర్ఘకాలిక అనుబంధం ఉంటుందని వారు చూపారు. శ్రోతలు కూడా యాదృచ్ఛికమైన మార్పుల కంటే అటువంటి అనుబంధమున్న మార్పులనే ఇష్టపడ్డారు.

మనిషి కాస్త వెనకబడితే తరువాతి దెబ్బల్లో క్రమంగా సర్దుకొంటాడు. అంతేకాని, ప్రతి దెబ్బకూ పాచికలు వేయడు. ఆచరణలో ఇందుకు తేలిక మార్గం, సూచనలను మౌస్‌తో గీయడం మాని చిన్న కీబోర్డుపై వేళ్లతో వాయించి నమోదు చేయడం. అది కుదరనప్పుడు స్నేర్‌ను మాత్రం నిలకడగా 5 నుంచి 10 మిల్లీసెకన్లు వెనక్కు జరిపితే నడక నింపాదిగా, కొద్దిగా ముందుకు జరిపితే తొందరగా తోస్తుంది. నిమిషానికి 120 లెక్కల వేగంలో ఒక లెక్కలో నాలుగో భాగం 125 మిల్లీసెకన్లు. దానితో పోలిస్తే ఈ మార్పు స్వల్పమే అయినా చెవికి అందుతుంది.

6. గతి: ముత్యాలసరం ఉదాహరణ:

తెలుగు గేయానికి సంబంధించినంతవరకు అసలు చిక్కు గతి దగ్గర వస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లయఖండాలలో అత్యధికం 4/4లో ఉంటాయి. 16 మాత్రల మధురగతి రగడ దానికి సరిపోతుంది. 12 మాత్రల హయప్రచారాన్ని 6/8లో, 20 మాత్రల ద్విరదగతిని 5/8లో, 28 మాత్రల వృషభగతిని 7/8లో అమర్చుకోవాలి.

గురజాడ 1910లో వెలువరించిన ముత్యాలసరం ప్రధానంగా 3+4 మాత్రల మిశ్రగతిలో నడుస్తుంది. మొదటి మూడు పాదాలలో 14 మాత్రల చొప్పున ఉంటాయి. నాలుగో పాదం సాధారణంగా అంతకంటే పొట్టి. మాత్రకు 250 మిల్లీసెకన్ల చొప్పున పాడితే 7/8లో ఒక ఆవర్తం 1.75 సెకన్లు పడుతుంది. పాదానికి రెండు ఆవర్తాల వంతున, చివరి విరామంతో కలిపి, ఒక సరానికి ఎనిమిది ఆవర్తాలు, అంటే 14 సెకన్లు. దీన్నే 4/4లోకి నెడితే ప్రతి ఆవర్తంలో ఒక మాత్ర అదనంగా చేరి, సరం 16 సెకన్లకు సాగుతుంది.

ఆ అదనపు మాత్ర సాధారణంగా మూడు మాత్రల గణంలో చేరుతుంది. అప్పుడు 'గల' గణంలోని చివరి లఘువు సాగి, చెవికి అది 'గగ' గణంగా వినిపిస్తుంది. 3+4 కాస్తా 4+4 అవుతుంది. ముత్యాలసరానికి ప్రత్యేకతనిచ్చే ఆ కుంటినడక పోయి, పాట సమతలంగా సాగుతుంది. పాటలో లఘువును సాగదీసే స్వేచ్ఛ బాణీకి ఎప్పుడూ ఉంది. అయితే ఆ నిర్ణయం స్వరకర్త తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లోని సిద్ధమైన ఖండం తీసుకోకూడదు.

దీనికి పరిష్కారం కష్టమైనది కాదు. ఆవర్తాన్ని 7/8గా నిర్ణయించి, 1వ మాత్రపై కిక్, 4వ మాత్రపై స్నేర్, 6వ మాత్రపై మృదువైన కిక్ ఉంచాలి. హై-హాట్ ఏడు మాత్రలపైనా పలుకుతూ 1, 4 స్థానాల్లో ఊనిక పొందాలి. పూరణను ఎక్కడ ఉంచాలో ఛందస్సే చెబుతుంది. నాలుగో పాదం 9 మాత్రలతో ముగిసిందనుకొంటే, మిగిలిన 5 మాత్రల విరామమే టామ్‌లు పలకవలసిన చోటు. అక్కడ తప్ప మరెక్కడ పూరణ వేసినా అది సాహిత్యంపై పడుతుంది.

7. ధ్వనిమేళనం:

గిటార్ చిన్న గదిలో, డ్రమ్స్ శాంపిళ్లు పెద్ద స్టూడియోలో రికార్డు కావడం వల్ల రెండూ వేర్వేరు చోట్ల ఉన్నట్లు వినిపిస్తాయి. రెండింటినీ ఒకే ప్రతిధ్వని ప్రభావానికి కొద్దికొద్దిగా పంపితే ఒకే గదిలో ఉన్నట్లు తోస్తాయి. గిటార్ లావు తీగ స్వరం సుమారు 82 హెర్ట్జ్. దానికి దిగువన గిటార్ ట్రాక్‌లో మిగిలేది ఎక్కువగా గది హోరు, మైకు కదలికల శబ్దం. ఆ భాగాన్ని తగ్గిస్తే కిక్ డ్రమ్‌కు చోటు దొరుకుతుంది. గాత్రం ముఖ్యమైన గేయంలో డ్రమ్స్ స్థాయి ఎప్పుడూ అక్షర స్పష్టతకు లోబడి ఉండాలి.

8. ముగింపు:

సాఫ్ట్‌వేర్ డ్రమ్స్ సహజంగా ఉండాలంటే అవి ఒక మనిషి శరీరానికి సాధ్యమైనవిగా, గిటార్ కాలాన్ని అనుసరించేవిగా, గేయం గతికి లోబడేవిగా ఉండాలి. మొదటి రెండూ ఏ భాషలోని పాటకైనా వర్తిస్తాయి. మూడవది తెలుగు ఛందస్సు తెలిసినవారు చేయవలసిన పని. క్షేత్రపర్యటనలో సేకరించిన పాటలకు వాద్యం చేర్చే పరిశోధకులు మరింత జాగ్రత్త వహించాలి. మూల రికార్డింగును మార్పులు లేకుండా విడిగా భద్రపరచి, డ్రమ్స్ తరువాత చేర్చినవని స్పష్టంగా నమోదు చేయాలి. లేకపోతే తరువాతి తరం పరిశోధకుడు సాఫ్ట్‌వేర్ నడకను పాట నడకగా భావించి గణవిభజన చేసే ప్రమాదం ఉంది.