పులికాట్ చూసొద్దాం రండి!

విహారయాత్ర అనగానే మన హాస్టల్లో అందరి నోటా ముందు వచ్చే పేర్లు ఊటీ, కొడైకెనాల్, అరకు. అవి చూడదగినవే, కాదనలేం. కానీ ‘దూరపు కొండలు నునుపు’ అని పెద్దలు ఊరికే అనలేదు. ఎక్కడెక్కడి నుంచో పక్షులు వెతుక్కుంటూ వచ్చే సరస్సు ఒకటి మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ ఒడ్డున చిన్న చిన్న ఊళ్లున్నాయి, దీవులున్నాయి, ఆకాశంలోకి రాకెట్లు ఎగిరే చోటు ఉంది. వీటన్నిటినీ కలిపి ఒక్క రోజులో, తక్కువ ఖర్చుతో చూసి రావచ్చు. అందుకే పులికాట్ సరస్సును గురించి మేము చూసినవీ, చదివినవీ, ఒడ్డున ఉన్నవారిని అడిగి తెలుసుకున్నవీ ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము.

ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

పులికాట్ సరస్సుకు ముఖ్యమైన ఊరు సూళ్లూరుపేట. ఇది చెన్నై–విజయవాడ రైలు మార్గంలోనూ, జాతీయ రహదారి మీదా ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చెన్నై నుంచి లోకల్ రైళ్లు ఇక్కడి దాకా నడుస్తాయి. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి వైపుల నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్టు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంటే చాలు. కనుక “డబ్బులెక్కడివి?” అని వెనుకాడనవసరం లేదు. అన్నం మూట, నీళ్ల సీసా హాస్టల్ నుంచే తీసుకుపోవచ్చు.

వెళ్లడానికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండుతుంది, పక్షులు చేరుతాయి. ఎండాకాలంలో పోతే ఉత్తర భాగంలో చాలా చోట్ల నీరు ఇంకిపోయి, తెల్లగా ఉప్పు పేరుకున్న నేల మాత్రమే కనిపిస్తుంది.

ఉప్పునీరు, మంచినీరు కలిసే చోటు

పులికాట్ మామూలు చెరువు కాదు. ఒడిశాలోని చిలికా సరస్సు తరువాత మన దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. తెలుగువారు దీనిని ప్రళయ కావేరి అని కూడా పిలుస్తారు. స.వెం. రమేశ్ గారు ఈ సరస్సు చుట్టూ ఉన్న పల్లెల జీవితాన్ని ‘ప్రళయకావేరి కథలు’గా రాశారు.

సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి పొడవైన ఇసుక గోడలా అడ్డంగా ఉంటుంది. ఆ గోడకు అక్కడక్కడ గండ్లున్నాయి. వాటినే ముఖద్వారాలు అంటారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు వాటి గుండా లోపలికి వస్తుంది. ఆటు సమయంలో తిరిగి పోతుంది. ఇటు పడమటి నుంచి కాళంగి, దక్షిణాన ఆరణి, ఉత్తరాన స్వర్ణముఖి పాయ వాననీటిని తెచ్చి పోస్తాయి. అందువల్ల ఈ నీరు సముద్రమంత ఉప్పూ కాదు, ఏరంత తీపీ కాదు. నెలనెలకూ, చోటుచోటుకూ ఉప్పదనం మారుతూ ఉంటుంది.

ఈ మార్పులోనే సరస్సు ప్రాణం ఉంది. రొయ్యలు సముద్రంలో గుడ్లు పెడతాయి. కంటికి ఆననంత చిన్న పిల్లలు పోటునీటితో సరస్సులోకి వచ్చి, ఇక్కడి లోతు తక్కువ నీళ్లలో, మెత్తటి బురదలో పెరుగుతాయి. పెద్దవయ్యాక మళ్లీ సముద్రానికి పోతాయి. అంటే సరస్సు రొయ్యలకు పెంపుడు ఇల్లు, ముఖద్వారం ఆ ఇంటికి వాకిలి. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే సరస్సు ఒడ్డున కనిపించే మిగతావన్నీ సులభంగా అర్థమవుతాయి.

మొదటి మజిలీ: నేలపట్టు

మిత్రులారా, తెల్లవారుజామునే బయలుదేరి ముందుగా నేలపట్టుకు వెళ్లండి. ఇది సూళ్లూరుపేటకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, దొరవారిసత్రం మండలంలో ఉన్న పల్లె. ఇక్కడి చెరువును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. చెరువు మధ్య నీళ్లలో నిలబడి పెరిగే కడప చెట్లున్నాయి. ఆ చెట్ల మీద గూడబాతులు వందల సంఖ్యలో గూళ్లు కట్టుకుంటాయి. చుట్టూ నీరు ఉండటం వల్ల పిల్లులు, నక్కలు గూళ్ల దగ్గరకు రాలేవు. పక్షి ఎంత తెలివిగా ఇంటి స్థలం ఎంచుకుందో చూడండి!

గూడబాతు ముక్కు కింద సంచి ఉంటుంది. దానితో నీటిని చేపతో సహా తోడి, నీటిని వదిలేసి చేపను మింగుతుంది. గూటికి వచ్చాక పిల్లలు తల్లి నోట్లోకి తల దూర్చి తింటాయి. కట్ట మీద నుంచి, కావలి గోపురం మీద నుంచి ఇదంతా చూడవచ్చు. గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు కూడా కనిపిస్తాయి.

నేలపట్టు గ్రామస్థులు పక్షుల జోలికి పోరు, ఇతరులను పోనివ్వరు. పక్షులు వస్తే వానలు, పంటలు బాగుంటాయని వారి నమ్మకం. దానికి తోడు పక్షుల రెట్ట చెరువు నీటిలో కలిసి, ఆ నీరు పారిన పొలానికి ఎరువవుతుంది.

ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. గూడు నేలపట్టులో ఉన్నా ఈ పక్షులు మేతకు పులికాట్ దాకా పోతాయి. పిల్లలకు తెచ్చే చేప చాలావరకు ఆ సరస్సుదే. కనుక నేలపట్టు చెరువు చుట్టూ కంచె వేసినంత మాత్రాన పక్షులను కాపాడినట్లు కాదు. సరస్సులో చేప ఉంటేనే ఇక్కడ గూళ్లలో పిల్లలు పెరుగుతాయి.

సూళ్లూరుపేట

నేలపట్టు చూసుకొని సూళ్లూరుపేటకు రావాలి. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది. ఈ గుడి తలుపులు రాత్రి పగలు మూయరని ఊరివారు చెబుతారు. రాకెట్ ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు ఇక్కడికి వచ్చి పూజ చేయించడం పత్రికల్లో చూస్తూనే ఉంటాము. ఈ ఊళ్లో 2001లో పక్షుల పండుగ (ఫ్లెమింగో ఫెస్టివల్) మొదలైంది. కొన్నేళ్లు ఆగిపోయి, 2025 జనవరిలో మళ్లీ మూడు రోజులు జరిగింది. పండుగ రోజుల్లో వెళితే సందడి ఎక్కువ, పక్షులను నిదానంగా చూడటం తక్కువ. మామూలు రోజున వెళ్లడమే మేలని మా అభిప్రాయం.

రాజహంసల దారి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యగా వేసిన కట్ట మీద సాగుతుంది. రెండు పక్కలా నీరే. అటకానితిప్ప దగ్గర ఆగితే ఫ్లెమింగోలు కనిపిస్తాయి. మన పత్రికలు వీటిని రాజహంసలు అని రాస్తుంటాయి. దూరానికి గులాబీ రంగు గీత గీసినట్లు ఉంటుంది. కాసేపు నిలబడి చూస్తే ఆ గీత కదులుతుంది.

ఈ పక్షి నాలుగడుగుల ఎత్తు ఉంటుంది. పొడవాటి కాళ్లతో లోతు లేని నీటిలో నడుస్తూ, తలను తలకిందులుగా నీటిలో ముంచి మేస్తుంది. ముక్కులోపల జల్లెడ వంటి ఏర్పాటు ఉంటుంది. బురదనీరు బయటకు పోయి, నాచు, చిన్న చిన్న పురుగులు, రొయ్య పిల్లలు మిగులుతాయి. ఫ్లెమింగో పిల్ల పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది. తినే తిండిలో ఉన్న రంగు పదార్థాల వల్లనే పెద్దయ్యాక గులాబీ రంగు వస్తుంది. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టే పెద్ద స్థావరం గుజరాత్‌లోని కచ్ ప్రాంతం. పులికాట్‌కు మేత కోసమే వస్తాయి.

రోడ్డు కొసన శ్రీహరికోట. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని మోసుకుపోయిన ఎస్‌ఎల్‌వి–3, 2023 జూలై 14న చంద్రయాన్–3 బయలుదేరింది ఇక్కడి నుంచే. అంతరిక్ష కేంద్రం లోపలికి అనుమతి లేనిదే పోలేము. అయితే ప్రయోగాలను చూడటానికి 2019లో గ్యాలరీ ఏర్పాటు చేశారు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఈ దీవి గురించి మాట్లాడేటప్పుడు ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. రాకెట్ కేంద్రం రాక ముందు ఇక్కడి అడవిలో తేనె, మూలికలు సేకరిస్తూ, చేపలు పడుతూ యానాదులు బతికేవారు. కేంద్రం కోసం చాలా కుటుంబాలు చోటు వదలవలసి వచ్చింది. చంద్రుడి దాకా పోయిన దారి మొదట్లో వారి గుడిసెలు కూడా ఉన్నాయని మనం మరువరాదు.

పడవ ఎక్కాలంటే

తడ మండలంలోని భీమునివారిపాలెం సరస్సు ఒడ్డునే ఉన్న ఊరు. ఇక్కడ పడవ షికారు ఉంది. ఇరకం దీవి ప్రజలకు మాత్రం పడవ షికారు కాదు, రోజూ తప్పని దారి. సరుకులకైనా, ఆసుపత్రికైనా నీరు దాటి ఈ ఒడ్డుకు రావలసిందే. సూళ్లూరుపేట వైపున్న వేనాడు మరొక దీవి. అక్కడి దర్గాకు అన్ని మతాలవారూ వెళతారు.

సమయం ఉన్నవారు మరొక రోజు దక్షిణపు ఒడ్డున తమిళనాడులోని పళవేర్కాడుకు వెళ్లవచ్చు. పులికాట్ అన్న పేరు ఆ ఊరి పేరు నుంచి వచ్చినదే. డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టి, కోరమాండల్ తీరం నుంచి చేనేత గుడ్డలు ఎగుమతి చేశారు. కోట శిథిలమైపోయింది. చెక్కిన రాళ్లతో వారి సమాధులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

సరస్సుకు వచ్చిన కష్టం

మా హాస్టల్లో తడ వైపు కుప్పాల నుంచి వచ్చిన చెల్లెళ్లున్నారు. ఈ వ్యాసం కోసం వాళ్లతో మాట్లాడినప్పుడు ఏడో తరగతి చెల్లి ఒకతె ఇలా చెప్పింది: “సముద్రం నీళ్లు లోపలికొస్తేనే రొయ్య ఉంటాది అక్కా. ఇసక నిండిపోయి నీళ్లు రాని ఏడు మా నాయన పడవ ఒడ్డుకు లాగేసి, కూలి పనికి మద్రాసు పోయినాడు. నన్ను హాస్టల్లో వేసింది ఆ ఏడే.”

ఇదే సరస్సు అసలు కష్టం. అలలు ఒడ్డు వెంబడి ఇసుకను నిరంతరం మోస్తూ ఉంటాయి. నదుల్లో నీరు పుష్కలంగా ఉంటే ఆ వేగానికి ముఖద్వారంలోని ఇసుక కొట్టుకుపోతుంది. నీరు తగ్గితే ఇసుక పేరుకొని వాకిలి మూసుకుంటుంది. మన వైపున రాయదొరువు ముఖద్వారం ఇలాగే పూడిపోయింది. తవ్వించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. వాకిలి మూసుకుంటే రొయ్య పిల్ల రాదు, చేప తగ్గుతుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, సరస్సు ముందుగానే ఎండుతుంది. అప్పుడు వలలకూ పని ఉండదు, గూడబాతుకూ మేత ఉండదు. మత్స్యకారుని పిల్లకూ, గూటిలోని పిల్లకూ ఆకలి ఒకే వాకిలి నుంచి వస్తుంది.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

1. ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు వేసుకోండి. మెరిసే రంగులు చూస్తే పక్షులు బెదురుతాయి.
2. ఫొటో కోసం రాళ్లు విసిరి, కేకలు వేసి పక్షులను ఎగరగొట్టకండి. ఎగిరిన ప్రతిసారీ తిన్న తిండి బలం వృథా అవుతుంది.
3. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు ఒడ్డున పారేయకండి. తెచ్చిన సంచిలోనే తిరిగి తెచ్చుకోండి.
4. కొత్త చోట నీటిలోకి దిగకండి. లోతు తక్కువే అయినా బురదలో కాళ్లు దిగబడతాయి.
5. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి.
6. ఒక నోటు పుస్తకం తీసుకుపోండి. చూసిన పక్షి పేరు, చోటు, వేళ రాసుకోండి. తరువాత సైన్సు, సోషల్ పాఠాలకు పనికివస్తుంది.

మిత్రులారా! సరస్సును చూసి రావడానికి మనకు కావలసింది ఒక సెలవు రోజు, పెద్దల అనుమతి, తోడుగా ఒక టీచరు. అది ఎందుకు బతికి ఉందో, ఎందుకు చిక్కిపోతోందో కూడా తెలుసుకొని వస్తే ఆ ప్రయాణం సార్థకమవుతుంది. రేపు మనలో ఒకరు ఇంజనీరో, అటవీ అధికారో, సర్పంచో అయినప్పుడు ఆ తెలివిడి అక్కరకు వస్తుంది. కాబట్టి ఒడ్డుకు చేరగానే పక్షులను చూడటంతో పాటు, సముద్రపు నీరు ఎటు నుంచి వస్తుందో, ఈ ఏడు వచ్చిందో లేదో అడగండి. అక్కడ కూర్చొని వల బాగుచేసుకుంటున్న వారెవరిని అడిగినా చెబుతారు.