గుండె పంపు రక్తమును కొలుచుట

జంషెడ్‌పురమందలి క్యాన్సర్ ఆసుపత్రికి మెహర్‌బాయి టాటా పేరు పెట్టబడినది. సర్ దొరాబ్జీ టాటా సతీమణియగు ఆమె 1931లో రక్తపు క్యాన్సరుతో మరణించిరి. ఆనాడు ఆ వ్యాధిని నయముచేయు మందు లేదు. నేడు శక్తిమంతములైన మందులు కలవు. కాని వానిలో డానోరూబిసిన్, డాక్సోరూబిసిన్ వంటివి కొందరి గుండె కండరమును బలహీనపరచును. కావున అట్టి మందులకు ముందును, పిమ్మటను గుండె శక్తిని కొలువవలెను.

గుండె ఎడమ గదిలో నిండుగా 120 మిల్లీలీటర్ల రక్తమున్నదనుకొందము. ఒక్క స్పందనలో 72 మిల్లీలీటర్లు వెలువడినచో, అది నూటికి 60 వంతులు. దీనినే ఎజెక్షన్ ఫ్రాక్షన్ అందురు. నిమిషమునకు 70 స్పందనలైనచో ఆ గుండె సుమారు 5 లీటర్లు పంపును. ఆరోగ్యవంతుల గుండె సైతము పూర్తిగా ఖాళీ కాదు. సాధారణముగా 50 నుండి 70 వంతులు పంపును.

దీనిని కొలుచు అణుపరీక్షకు మూగా స్కాన్ అని పేరు. రోగి ఎర్ర రక్తకణములకు టెక్నీషియం-99ఎం అను రేడియోధార్మిక పదార్థమును స్వల్పముగా అంటింతురు. రక్తము నుండి వెలువడు గామా కిరణములను ఛాతీపై నుంచిన కెమెరా లెక్కించును. ఇ.సి.జి. తీగల సాయమున ప్రతి స్పందనను పెక్కు భాగములుగా విభజించి, వందలకొలది స్పందనల చిత్రములను కూర్తురు. గది నిండినపుడు కిరణములెక్కువ, ముడుచుకొనినపుడు తక్కువ. ఆ భేదమే వెలువడిన రక్తమునకు కొలత. గది ఆకారమును ఊహించి లెక్కకట్టవలసిన పని లేదు.

కిరణములనగానే భయపడనక్కరలేదు. ఈ పదార్థపు శక్తి ప్రతి 6 గంటలకు సగమగును. ఒక దినములో పదునారవ వంతు మాత్రమే మిగులును. అయినను గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆ సంగతిని ముందే వైద్యునకు తెలుపవలెను. గుండె లయ తప్పి కొట్టుకొనువారికి ఈ కొలత అంత నిక్కముగా రాదు.

నేడు అనేకులకు ఎకో పరీక్షయే చాలును. ఏ పరీక్షయైనను, ఒకే పద్ధతిలో మరల మరల కొలిచి పోల్చుట ముఖ్యము. మొదట 62గా నున్న అంకె 48కి దిగినచో, ఆయాసము, కాళ్లవాపు లేకున్నను వైద్యుడు మందును గూర్చి పునరాలోచించును. రోగి తనంతట మందు మానరాదు. పాత నివేదికలను భద్రపరచి, ప్రతి పర్యాయము వెంట తీసికొని పోవలెను. మొదటి అంకె తెలియనిచో రెండవ అంకెకు అర్థము తక్కువ.