ఎన్నికకు ముందటి యెన్నిక

బతుకమ్మ పండుగకు ముందు కరీంనగరమున బట్టల దుకాణమునకు బోవుదుము. అరలలో వందలకొలది చీరలుండును. దుకాణదారు మన వాలకమును, మనమడిగిన ధరను గనిపెట్టి పది చీరలు మాత్రము విప్పి పఱచును. అంచు జూచి, కొంగు జూచి, బేరమాడి యొకటి కొని, “అన్నిటిలో మంచిదే తెచ్చితిమి” అని సంతసింతుము. నిజమునకది యా పదింటిలో మంచిది. మిగిలినవి మన విచారణకే రాలేదు.

మనుష్యుడు సమస్తమును తూచి చూడజాలడనియు, “ఇది చాలును” అని తోచినచోట నాగుననియు హెర్బర్టు సైమను పండితుడు 1955, 1956 సంవత్సరములలో వ్రాసెను. 1978లో నాయనకు అర్థశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను.

అట్లని యన్నిటిని జూచుటయు మేలుగాదు. 2000లో అమెరికాలో వెలువడిన యొక పరిశోధనలో, బల్లపై 24 రకముల పండ్ల జాము నుంచినపుడు ఆగి చూచినవారిలో నూటికి ముగ్గురు కొనిరి. 6 రకములే యుంచినపుడు నూటికి ముప్పదిమంది కొనిరి. తరువాతి పరీక్షలన్నిటను నిట్టి ఫలితము రాలేదు గాని, ఎక్కువ చూచినంతమాత్రమున ఎన్నిక సులభము గాదని తెలియుచున్నది. కావున జాబితా చిన్నదైనను చింత లేదు. దానిని మనకు బదులు వేఱొకరు వ్రాయుటయే చిక్కు.

ఈ చిక్కు పనివారికిని దగులును. కరీంనగరమున వెండితీగలను మెలిపెట్టి యల్లిన భరిణెలు, పళ్లెరములు ప్రసిద్ధములు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనిదై, 2016 నుండి వేఱు జిల్లాకు కేంద్రమైన నిర్మలు పట్టణమున పొనికికఱ్ఱతో చెక్కి రంగులు వేసిన బొమ్మలు పేరుగన్నవి. రెంటికిని భౌగోళిక సూచిక గుర్తింపు గలదు. అయినను పిల్లవాని పుట్టినదినమున మనకు మొదట స్ఫురించునది ప్లాస్టిక్కు బొమ్మయే. నిర్మలు బొమ్మ బాగులేదని మనము త్రోసివేయలేదు. అది తలపునకే రాలేదు. వద్దనిపించుకొన్న పనివాడు లోపమును దిద్దుకొనగలడు. తలపునకే రానివాడు దేనిని దిద్దుకొనును?

గృహిణులు చేయదగిన పనులు స్వల్పములే. ఇల్లు కదలకముందే కావలసిన వస్తువును, పెట్టదలచిన వ్యయమును కాగితముపై వ్రాసికొనుడు. “ఇదే ధరలో నింకేమున్నవి?” అని యొకసారి యడుగుడు. రెండవ దుకాణమును గూడ జూడుడు. చేనేత యని చెప్పినచో, 2006లో ప్రవేశపెట్టబడిన చేనేత ముద్ర యున్నదేమో పరిశీలింపుడు. జాబితాలో నొక స్థానమును, ఇదివఱకెన్నడును కొనని వస్తువునకు విడువుడు.

పలురకముల వస్తువులు పోటీధరలకు సాధ్యమైనంతవఱకు అందుబాటులో నుండుట కొనువారి హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. హక్కు చట్టమిచ్చినది, అడుగవలసిన నోరు మనదే గదా!