పొగగొట్టం తోసిన కారు కాదది

1967 ఇండియానాపోలిస్ 500 కార్ల రేసు మాట వస్తే చాలు, "ఆ జెట్ కారు రేసే కదా" అంటారు. రేసుల సంగతి బాగా తెలిసినవాళ్ల నోట కూడా ఈ మాట వింటుంటే కష్టంగా ఉంటుంది. జెట్ కారంటే వెనక నుంచి వేడిగాలిని చిమ్మి, ఆ తోపుడుతో ముందుకు దూకేది. ఆ రేసులో పార్నెల్లీ జోన్స్ నడిపిన ఎస్‌టీపీ టర్బోకారు అలాంటిది కాదు. మిగతా కార్లలాగే దాని బలమూ చక్రాల ద్వారానే నేలకు చేరింది. బయటికి పోయే వేడిగాలి తోపుడు లెక్కలోకి వచ్చేంత కాదు.

ఎస్‌టీపీ కంపెనీ అధిపతి ఆండీ గ్రానటెల్లీ చాలా ఏళ్లుగా ఇండియానాపోలిస్ ట్రాక్ మీద గెలుపు కోసం వెంపర్లాడుతున్న మనిషి. కెన్ వాలిస్ అనే ఇంజనీరు గీసిన కారులో ప్రాట్ అండ్ విట్నీ కెనడా కంపెనీ టర్బైను బిగించారు. బలం దాదాపు 550 హార్స్‌పవర్.

ఆ టర్బైను ఎలా పనిచేస్తుందో తెలియాలంటే రెండు టేబుల్ ఫ్యాన్లు తెచ్చి ఎదురెదురుగా పెట్టండి. ఒకదానికే కరెంటివ్వండి. దాని గాలికి రెండోదీ తిరగడం మొదలెడుతుంది. రెంటి మధ్యా బెల్టు లేదు, గొలుసు లేదు, ఉన్నది గాలే. టర్బైనులో మొదటి భాగం గాలిని పీల్చి, నొక్కి, ఇంధనం కలిపి మండిస్తుంది. ఆ వేడిగాలి విడిగా ఉన్న రెండో చక్రాన్ని తిప్పుతుంది. కారు చక్రాలకు ముడిపడింది ఈ రెండోదే. ఇప్పుడు రెండో ఫ్యానును కదలకుండా పట్టుకోండి. మొదటిది ఆగదు, తన మానాన తిరుగుతూనే ఉంటుంది. కారు బ్రేకు మీద నిలబడ్డా ఇంజను ఆగిపోకపోవడం ఇందువల్లే. కాబట్టి క్లచ్ అక్కర్లేదు, గేర్లు మార్చే పనీ లేదు. అయితే మొదటి ఫ్యాను స్పీడు పెంచిన వెంటనే రెండోది అందుకోదు చూడండి, కాస్త సమయం పడుతుంది. జోన్స్‌కు ఎదురైన చిక్కూ అదే. యాక్సిలరేటరు తొక్కాక బలం ఆలస్యంగా వచ్చేది. అందుకని మలుపు దాటకముందే, ఒక కాలు బ్రేకు మీద ఉండగానే రెండో కాలితో తొక్కేవాడు.

ఇదే జాతి ఇంజను, పీటీ6, ఇప్పటికీ మన నెత్తిమీద ఎగురుతోంది. హైదరాబాదు పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో కొత్త పైలట్లు నేర్చుకునే పిలాటస్ విమానం ముక్కులో ఉన్నది అదే. ఎన్నో రకాల విమానాలకు సరిపోయేలా ఇన్ని దశాబ్దాలు నిలిచిన ఇంజన్లు అరుదు.

మళ్లీ రేసుకొద్దాం. పోటీ కార్లలో ఉన్న అప్పటి ఫోర్డు వీ8 పిస్టన్ ఇంజను బలమూ ఇంచుమించు 500 హార్స్‌పవరే. మరి జోన్స్ ఎందుకు ముందున్నాడు? నాలుగు చక్రాలకూ బలం అందడం వల్ల. ఇంజను డ్రైవరు వెనక కాకుండా ఎడమ పక్కన కూర్చుంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే ఆ రెండున్నర మైళ్ల ట్రాక్ మీద బరువు ఎటుండాలో అటే ఉంది. మిగతావాళ్లు ఒకే గీత పట్టుకుని మలుపు తిరుగుతుంటే జోన్స్ ఖాళీ దొరికిన చోటల్లా దూరాడు. ఆరో స్థానంలో మొదలుపెట్టి మొదటి ల్యాపులోనే ముందుకొచ్చాడు. వాన వల్ల రేసు మే 30న 18 ల్యాపుల దగ్గర ఆగి, మర్నాడు సాగింది. 200 ల్యాపుల్లో 171 ఆయనవే. ఇంకో నాలుగు ల్యాపులు ఉన్నాయనగా గేర్‌బాక్సులో బేరింగు పగిలింది. ఆరు డాలర్ల బేరింగు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏజే ఫాయిట్ గెలిచాడు. రేసు పొడవునా టర్బైను మాత్రం మొరాయించలేదు.

గ్రానటెల్లీకి కలిసిరాలేదని, ఏదో శాపమని అప్పట్లో చెప్పుకున్నవాళ్లున్నారు. ఇలాంటివి ఆ ట్రాక్ మీద కొత్త కావు. ఆకుపచ్చ కారు అరిష్టమన్న నమ్మకం అక్కడ పాతుకుపోయింది. 1965లో జిమ్ క్లార్క్ ఆకుపచ్చ లోటస్‌తోనే వచ్చి గెలిచి వెళ్లాడు. గ్రానటెల్లీ కార్లు మెరిసే ఎరుపు రంగువి, అయినా ఓడాయి. లోహం అరిగితే విరుగుతుంది, రంగుకూ జాతకానికీ దానితో పని లేదు.

1967 రేసు ముగిసిన కొన్నాళ్లకే రేసుల అధికార సంస్థ యూఎస్‌ఏసీ టర్బైను గాలి పీల్చే నోటిని 23.999 చదరపు అంగుళాల నుంచి 15.999కి కుదించింది. గాలి తగ్గితే మంట తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. గ్రానటెల్లీ కోర్టుకెక్కి ఓడాడు. అయినా 1968లో లోటస్ వాళ్లు గ్రానటెల్లీ కోసం చేసిన ఏటవాలు ముక్కు టర్బైను కారుతో జో లెనార్డ్ గంటకు 171.559 మైళ్ల వేగంతో పోల్, అంటే రేసు మొదలయ్యే వరుసలో మొదటి స్థానం, కొట్టాడు. అదే రకం కారు నడిపిన మైక్ స్పెన్స్ ప్రాణం ప్రాక్టీసులో పోయింది. రేసులో లెనార్డ్ ముందుండగా, తొమ్మిది ల్యాపులు మిగిలాయనగా ఇంజను ఆరిపోయింది. గెలుపు బాబీ అన్సర్‌ది. తర్వాత ఆ నోటిని ఇంకా బిగించారు. చివరికి టర్బైన్లకూ, నాలుగు చక్రాల డ్రైవుకూ తలుపు మూసేశారు.

కొత్త ఇంజను వల్ల పోటీ దెబ్బతింటుందనుకుంటే బలానికి ఒక హద్దు పెట్టి అందరినీ దానికి కట్టుబడమనాల్సింది. గాలి నోరు ఏటా నొక్కడం న్యాయం కాదు, ఒక ఆలోచనను ఊపిరాడకుండా చేయడం. గ్రానటెల్లీ ఎదురుచూసిన గెలుపు 1969లో మారియో ఆండ్రెట్టి చేతుల మీదుగా వచ్చింది. ఆ కారులో ఉన్నది మామూలు పిస్టన్ ఇంజనే.