కొండను చూసేవారు, కొండపై బ్రతికేవారు



విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్లే రైలులో అరకు చూసివచ్చినవారు మనలో చాలామంది ఉన్నారు. 2017 నుండి ఆ దారిలో అద్దాల బోగీ కూడా నడుస్తున్నది. సొరంగాలు దాటుతూ, లోయలను పిల్లలకు చూపుతూ, సృష్టికర్తను స్తుతిస్తాము. మంచిదే. అయితే ఆ అద్దానికి ఆవల, నెత్తిన కట్టెలమోపుతో నడిచిపోయే స్త్రీకి ఆ కొండతో గల సంబంధం ఏమిటన్నదే నేటి మన అంశం.

ఆమె ఇంటికి నీరిచ్చే ఊట ఆ కొండలోనే ఉన్నది. పొయ్యిలోకి కట్టెలు, విస్తరికి అడ్డాకులు, వారపు సంతలో అమ్ముకునే చింతపండు, కొండచీపుళ్లు, తేనె అక్కడివే. పట్టణవాసి తన ఇంటికి పార్కు ఎంత దూరమని కొలుచుకుంటాడు. కొండ ఊరిలో అడగవలసిన ప్రశ్న వేరు: అడవికి వెళ్లే బాట తెరచి ఉన్నదా, ఎవరైనా కంచె వేశారా?

కంచె కొత్తది కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సేద్యానికీ, అటవీ ఫలసాయానికీ అడ్డుపడింది. 1922లో మన్యం తిరగబడడానికి గల కారణాలలో అది ముఖ్యమైనది. స్వాతంత్ర్యానంతరం మరొక రూపంలో కంచె వచ్చింది. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసరాలలో గనుల తవ్వకానికి గిరిజనేతరులకు లీజులిచ్చారు. 'సమత' అనే సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. హైకోర్టులో ఓడినా వెనుదిరగలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఆ లీజులు చెల్లవని తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం సైతం తన భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదన్నది అందులోని కీలకాంశం. ముగ్గురు న్యాయమూర్తులలో ఒకరు విభేదించారు. అంత సన్నని అంచు మీద నిలిచిన తీర్పు అది!

2006 నాటి అటవీ హక్కుల చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం, ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిపై సామూహిక హక్కు అందులో ఉన్నాయి. హక్కుల నిర్ధారణను ఆరంభించే అధికారం గ్రామసభది. గ్రామసభ సిఫారసు చేస్తే పాఠశాలకు, వైద్యశాలకు, తాగునీటి గొట్టాలకు, దారికి ఒక్కొక్కదానికి హెక్టారు లోపు అటవీ భూమిని ఇవ్వవచ్చు. డోలీలో రోగిని మోసుకుపోయే ఊళ్లకు ఈ నిబంధన ఎంత విలువైనదో వేరే చెప్పాలా? కానీ సొంత పట్టా మీద ఉండే ఆత్రుత సామూహిక హక్కు మీద కనిపించదు. పట్టా చేతికి వస్తుంది, బీరువాలో దాచుకోవచ్చు. ఊటను దాచుకోలేము కదా!

నీటిని ఉమ్మడి సొత్తుగా, బాటను నడిచేవారి హక్కుగా ఎంచడం మనకు తెలియని బోధ కాదు. సెలవులకు అరకు వెళ్లేవారు విడిదిలో దిగేటప్పుడు ఆ నేల ఎవరిదో, అక్కడి కుళాయికి నీరు ఏ ఊట నుండి మళ్లించారో ఒక్కసారి విచారించండి. తాగి పారేసిన సీసా గెడ్డలోకే చేరుతుంది, దిగువ ఊరు ఆ గెడ్డ నీటినే వాడుకుంటుంది.

మరొక మాట. చల్లని చోట తక్కువ ధరకు స్థలం ఇప్పిస్తామనే మధ్యవర్తులు మన బస్తీలకూ వస్తున్నారు. 1970 నాటి ఒకటవ నిబంధన ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలోని భూమిని గిరిజనులకు లేదా గిరిజనుల సహకార సంఘాలకు తప్ప మరెవరికీ బదిలీ చేయరాదు. వేరొకరి పేరున కాగితం రాయించుకున్నా అది చెల్లదు.